అబ్బులుకు శిక్ష కావాలి

మా శాఖలో లస్కర్ అనే మాట చచ్చిపోయిన రోజున మేమందరం మిఠాయి తిన్నాం. డి.ఈ. గారు రెండు తిన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కాలువ గట్టున తూములుంటాయి. తూముకు ఇనుప షట్టరుంటుంది. హ్యాండిలు పెట్టి తిప్పితే షట్టరు పైకి లేచి నీళ్ళు బోదెల్లోకి, బోదెల్లోంచి చేలల్లోకి పోతాయి. ఆ హ్యాండిలు తిప్పే ఉద్యోగిని తాతల కాలం నుంచి లస్కర్ అంటున్నారు. ఆ మాట ఎక్కడిదో తిప్పేవాడికీ తెలియదు, తిప్పించేవాళ్ళకీ తెలియదు. తెలియకపోయినా నీళ్ళు వస్తూ ఉండేవి కనక ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది పదగౌరవ కమిషనర్ త్రిపురాంతకం గారు. ప్రభుత్వోద్యోగుల్ని పిలిచే పేర్లలో ఎక్కడైనా చిన్నచూపు దాగి ఉందేమో వెతకమని రాజధానిలో ఒక కమిషన్ వేసి, దానికి ఆయన్ని పెద్దగా పెట్టారు. ఆయన మనసు వెన్న. మా కాలువ గట్టున కారాపి కొబ్బరి బోండం తాగుతుండగా, ఎవరో రైతు "ఒరే లస్కరూ!" అని కేకేయడం చెవిన పడిందట. బోండం సగంలో వదిలేసి కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చారట. ఆ కన్నీళ్ళు ఆరేలోపే ఉత్తర్వు వచ్చింది.

"శ్రమను ధ్వనింపజేయు సమస్త ఉద్యోగ నామములను ఇందుమూలముగా రద్దుపరచడమైనది. ఇట్టి మార్పు వలన ఖజానాపై ఎట్టి భారమును పడదు" అని అందులో ఉంది. అంటే జీతం అదే, పేరు వేరు.

స్వీపరు పరిశుభ్రతా దార్శనికురాలైంది. అటెండరు అంతర్గత సంచారాధికారి అయ్యాడు. జీపు డ్రైవరు కనకారావు గమన నిర్దేశకుడయ్యాడు. సూపరింటెండెంటునైన నన్ను కార్యాలయ వివేకాధికారి అన్నారు. ఇంతకాలం ఆఫీసులో వివేకం చూసే మనిషి లేడన్న సంగతి నాకప్పుడే తెలిసింది. ఒక్క డి.ఈ. ప్రభాకరం గారి పేరు మాత్రం మార్చలేదు. డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అంటే వినడానికి బాగానే ఉందన్నారు.

మా తూము లస్కరు గుబ్బల అబ్బులు జలగమన విధానాధికారి అయ్యాడు. అధికారికి కుర్చీ ఉండాలి కనక కాలువ గట్టున తూము పక్కనే ఒక కుర్చీ, ఒక బల్ల వేయించాం. బల్ల మీద పేరు చెక్క పెట్టాం. అబ్బులు లుంగీ మానేసి ప్యాంటు వేసుకొచ్చాడు. వాళ్ళావిడ వీధి వీధంతా చెప్పుకుంది. నాకూ సంతోషమే అనిపించింది. పాతికేళ్ళుగా అందరిచేతా ఏమిరా, ఒరే అనిపించుకున్నవాడు ఒక్కసారి గారూ అనిపించుకుంటే తప్పేముంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ కమిషనర్ గారికి నిద్ర పట్టలేదట. పేరు పెద్దదై పని పాతదే అయితే అది మోసం కాదా అని ఆలోచించారట. వెంటనే నామానుగుణ ప్రవర్తనా నియమావళి దిగింది. "పదవి యొక్క గౌరవమునకు లోటు కలుగునట్లు నూతన నామధేయము పొందిన ఏ అధికారియు పనిముట్లను స్వహస్తములతో స్పృశించరాదు. స్పృశించిన యెడల అది పదభంగముగా పరిగణింపబడును."

చీపురు పనిముట్టేనా అని అడిగాం. పనిముట్టే అన్నారు. స్టీరింగు? అదీ పనిముట్టే. దాంతో కనకారావు జీపులో వెనక సీట్లో కూర్చుని గమనం నిర్దేశించడం మొదలుపెట్టాడు. పేరు మారని డి.ఈ. గారే నడపాల్సి వచ్చింది. ఆయనకు జీపు నడపడం సరిగా రాదన్న సంగతి ఆఫీసు ప్రహరీ గోడకు మొదటి రోజే తెలిసింది.

"ఎడం పక్కకి కొయ్యండి సార్. ఆయ్, అంతే. బ్రేకండీ, బ్రేకు! అది బ్రేకు కాదండి బాబూ!" అని కనకారావు వెనక నుంచి నిర్దేశించేవాడు. డి.ఈ. గారు పళ్ళు కొరుక్కునేవారు.

ఇవన్నీ నవ్వుకునే విషయాలే. తూము దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. అది దాళ్వా, అంటే రెండో పంట కాలం. నీళ్ళు తక్కువ కనక ఒక్కో తూముకూ వంతులవారీగా వదులుతారు. మా తూము వంతు వచ్చింది. కాలువ నిండా నీళ్ళొచ్చాయి. అబ్బులు కుర్చీలో కూర్చుని వాటి గమనాన్ని చూశాడు. అవి తూము ముందు నుంచే దిగువకు వెళ్ళిపోయి సముద్రంలో కలిశాయి.

వంతు ముగిసిన మర్నాడు కడలి సూరాయమ్మ తూము దగ్గరికొచ్చింది. ఆ తూము కింద శివారున, నీళ్ళు చిట్టచివర అందే చోట, ఎకరన్నర కౌలుకు చేస్తోంది. భర్త లేడు. చేతిలో పార, నెత్తిన తుండుగుడ్డ. ఫైళ్ళ పర్యవేక్షణకని నేనూ అక్కడే ఉన్నాను.

"ఒరే అబ్బులూ, నిన్న నీళ్ళెందుకొదల్లేదురా?" అంది.

అబ్బులు నా వైపు చూశాడు. చిన్నప్పుడు అతన్ని ఎత్తుకు మోసిన మనిషి ఆమె. "అక్కా, నన్నలా పిలవకూడదంట. నేనిప్పుడు విధానాధికారిని" అన్నాడు మెల్లగా.

"సర్లే, అధికారి గారూ. తూమెందుకు లేపలేదు?"

"లేపాలని విధానం చేసేనక్కా. లేపేవోళ్ళు లేరు."

"నువ్వున్నావు కదరా!"

"నేను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పదభంగం."

సూరాయమ్మకు పదభంగమంటే ఏమిటో తెలియలేదు. అది ఏదో జబ్బనుకుంది. అబ్బులు చేతులు పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసి, ఏమీ కాలేదని తేల్చుకుని నా మీద పడింది. "నా చేను పొట్ట మీదుందండి బాబూ. నెర్రెలిచ్చేసింది. వచ్చే వంతుక్కూడా నీళ్ళు పడకపోతే ఒక్క గింజ పాలు పోసుకోదు. అంతా తాలే. అప్పుడు కౌలెక్కణ్ణించి తెచ్చి కట్టమంటారు, నా పిల్లలకేం పెట్టమంటారు?"

పోనీ తనే తిప్పుకుంటానని హ్యాండిలు మీద చెయ్యి వేయబోయింది. ప్రభుత్వ తూమును రైతులు తాకడం నేరమని, పోలీసు కేసవుతుందని నేనే ఆపాల్సి వచ్చింది. తాకగలవాళ్ళు తాకకూడదు, తాకాలనుకునేవాళ్ళు తాకితే జైలు. నా పేరులో ఉన్న వివేకం నాకే వెక్కసంగా తోచింది.

ఆమె ఆఫీసుకొచ్చి డి.ఈ. గారి ముందు నిలబడింది. "అయితే మీకు పేరు మార్లేదంట కదండి బాబూ. మీరొచ్చి తిప్పండి" అంది.

న్యాయమైన మాట. డి.ఈ. గారు వచ్చారు. హ్యాండిలు పట్టుకుని ఊపిరి బిగించి తిప్పబోయారు. షట్టరు కదల్లేదు గానీ ఆయన నడుము కదిలింది. ఇంటికి మోసుకెళ్ళాక మంచం మీద పడుకునే కమిషన్‌కు విన్నపం రాశారు. ఇంజనీరు అనే మాటలో కూడా యంత్రం ఉందని, యంత్రంలో శ్రమ ఉందని, తనను కూడా ఉద్ధరించమని ప్రార్థించారు. కమిషనర్ గారు మళ్ళీ కరిగిపోయారు. డి.ఈ. గారు జలతత్త్వ దార్శనికులయ్యారు. ఆ రోజు నుంచి జీపు కూడా నిలబడిపోయింది.

ఇక సబ్ డివిజన్‌లో పనిముట్టు పట్టుకోగల మనిషి ఒక్కడూ మిగల్లేదు. కొత్తగా లస్కరును వేసుకుంటామని రాశాం. "లేని పేరుతో నియామకము సాధ్యము కాదు. సదరు నిషిద్ధ పదమును అర్జీలో వాడినందుకు సంజాయిషీ ఇవ్వవలసినది" అని జవాబొచ్చింది. మరి తూము ఎవరు తిప్పాలని అడిగాం. "నియమావళి ప్రకారము లస్కరు" అన్నారు.

సూరాయమ్మ రోజూ వచ్చేది. గుమ్మం దగ్గర కూర్చునేది. మొదట్లో తిట్టింది. తర్వాత తిట్టడం మానేసి ఊరికే కూర్చునేది. అదే నాకు భరించరానిదైంది. ఆమె మొహం చూడలేక పాత నియమావళి తిరగేస్తుంటే ఒకచోట నా కళ్ళు ఆగాయి. తప్పు చేసిన ఉద్యోగిని శిక్షగా అతని పూర్వపు పదవికి దింపవచ్చునని ఉంది. ఆ నిబంధనను ఎవరూ రద్దు చేయలేదు. పరుగున వెళ్ళి డి.ఈ. గారికి చూపించాను. ఆయన్ని కొత్త పేరుతో పిలవాలి గానీ నాకు నోరు తిరగదు.

"అబ్బులు గారిని శిక్షిద్దామండి. శిక్షిస్తే లస్కరవుతాడు. లస్కరైతే తూము తిప్పుతాడు" అన్నాను.

డి.ఈ. గారు ఆ నిబంధనను రెండుసార్లు చదివారు. "వివేకాధికారి అని ఊరికే అనలేదయ్యా" అన్నారు.

అయితే శిక్షించడానికి తప్పు కావాలి. అబ్బులు ఎప్పుడూ తప్పు చేసిన మనిషి కాదు. పిలిపించి సంగతి చెప్పాం. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మా ఆవిడ ఒప్పుకోదండి. గుమ్మం మీద పేరు రాయించేసింది" అన్నాడు. గుమ్మం బయట కూర్చున్న సూరాయమ్మ తల తిప్పి చూసింది. అబ్బులు తల వంచుకుని, "ఏం తప్పు చెయ్యాలో చెప్పండి" అన్నాడు.

మొదట పనికి రావడం మానేశాడు. మేం ఆత్రంగా పైకి రాశాం. "అధికారి హోదాలో ఉన్నవారు కనిపించకపోవడాన్ని క్షేత్ర పర్యటనగా భావించవలెను" అని జవాబు. తర్వాత పట్టపగలు కుర్చీలోనే గురకపెట్టి నిద్రపోయాడు. "విధానాధికారులు కన్నులు మూసుకొని ఆలోచించుట సహజము" అన్నారు. ఆఖరికి ఆఫీసంతా చూస్తుండగా డి.ఈ. గారిని బండ బూతులు తిట్టాడు. తిట్టాక కాళ్ళ మీద పడి ఏడ్చాడు కూడా. అది అధికారుల మధ్య అభిప్రాయ భేదమని, ఆరోగ్యకరమని, ఇరువురికీ అభినందనలని రాశారు. లస్కరుగా ఉన్నప్పుడు చెప్పులేసుకుని ఆఫీసులోకొచ్చినందుకే అతనికోసారి మెమో ఇచ్చాం. ఇప్పుడేం చేసినా తప్పు కావడం లేదు.

వంతు దగ్గర పడింది. సూరాయమ్మ నా బల్ల దగ్గరికొచ్చి చేతులు జోడించింది. "ఆణ్ణెప్పుడు శిక్షిస్తారండి బాబూ? మీకు దణ్ణం పెడతాను. కాస్త తొందరగా శిక్షించండి."

ఇక మిగిలింది ఒకటే నేరం. డి.ఈ. గారు వద్దన్నారు. తన సబ్ డివిజన్‌లో పదభంగం జరిగిందంటే పరువు పోతుందన్నారు. ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. "ఆ చేను ఎండితే పోయే పరువు ఎవరిదండీ?" అని అడిగేశాను. అదీ అభిప్రాయ భేదంగానే జమైంది. డి.ఈ. గారే కాస్త తగ్గి, "సరే. కానీ తిప్పొద్దు. ముట్టుకుంటే చాలు. తిప్పితే ఆ నీళ్ళు ఏ పద్దులో పోయాయని ఆడిట్ అడుగుతుంది" అన్నారు.

అబ్బులు తూమెక్కి హ్యాండిలు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మేం ఫోటో తీశాం. అంత పాత ఇనప ముక్కను అతను పట్టుకున్న తీరు చూస్తే, ఊరికెళ్ళొచ్చి పశువు మెడ నిమిరినట్టుంది. వేళ్ళు వాటంతటవే తిప్పబోతుంటే కనకారావు "ఆగండి, ఆగండి" అని నిర్దేశించాడు. ఫోటోతో అభియోగం పంపాం. రాజధాని నుంచి పిడుగులాంటి జవాబొచ్చింది. "ఇట్టి ఘోరము కమిషన్ చరిత్రలో ఎరుగము. నిందితుని తక్షణమే పూర్వ పదవికి, పూర్వ నామమునకు దించవలెను."

ఆ ఉత్తర్వు చదువుతుంటే ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. అబ్బులు ప్యాంటు మీదే లుంగీ చుట్టుకుని పరుగెత్తాడు. ఆ మర్నాడే వంతు మొదలైంది. వారం రోజుల వంతు. రాష్ట్రం మొత్తం మీద ఏకైక లస్కరు హ్యాండిలు తిప్పాడు. ఎగువ చేలకు నీళ్ళు పారాయి. ఆరో రోజు సాయంత్రానికి అవన్నీ తడిశాక, రాత్రి నీళ్ళు వృథా పోకుండా తూము దింపాడు. తెల్లారి మళ్ళీ లేపితే ఆ నీళ్ళు శివారుకు, అంటే సూరాయమ్మ చేనుకు పోవాలి.

ఆ వారం రోజుల్లోనే అబ్బులు శిక్ష కబురు గాలికంటే ముందు వెళ్ళింది. పక్క సబ్ డివిజన్ల వాళ్ళు ఫోన్లు చేశారు. "మీ దగ్గర పదభంగం నమూనా ఉందటగా, కాస్త పంపుతారా?" విధానాధికారులంతా తూములెక్కి హ్యాండిళ్ళు పట్టుకుని ఫోటోలు దిగారు. శిక్షల కోసం పైరవీలు మొదలయ్యాయి. ఒక ఎమ్మెల్యే గారు తన నియోజకవర్గానికి అన్యాయం జరుగుతోందని, ఇంతవరకూ ఒక్కరినీ శిక్షించలేదని ధర్నా చేశారు. కాలువలన్నీ చక్కగా పారసాగాయి.

క్రమశిక్షణ ఇంత దిగజారిపోవడం చూసి కమిషనర్ గారు తట్టుకోలేకపోయారు. తనే స్వయంగా బయల్దేరారు. మొట్టమొదటి పాపం జరిగింది మా తూము దగ్గరే కనక వంతు ఆఖరి రోజు తెల్లారేసరికి మా గట్టు మీద దిగారు. షామియానా, మైకు, పూలదండలు అన్నీ వెంట తెచ్చుకున్నారు. అబ్బులు అప్పటికే హ్యాండిలు తగిలించి తిప్పబోతున్నాడు. ఆయన మనుషులిద్దరొచ్చి భుజాలు పట్టుకుని తెచ్చి కమిషనర్ గారి ముందు నిలబెట్టారు.

ఆయన అబ్బులు చేతుల వంక చూశారు. కాయలు కాచిన ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు.

"సోదరులారా," అన్నారు మైకులో, "తప్పు మీది కాదు. తరతరాల శ్రమ అనే దురలవాటు మిమ్మల్ని మళ్ళీ హ్యాండిలు వైపు లాగింది. కమిషన్ కఠినమైనది కాదు. ఈ క్షణం నుంచి రాష్ట్రంలోని లస్కర్లందరినీ క్షమిస్తున్నాను! అందరూ తిరిగి విధానాధికారులే!"

అబ్బులు మెడలో బంతిపూల దండ పడింది. కుర్చీ తెచ్చి అందులో కూర్చోబెట్టారు. డి.ఈ. గారు గట్టిగా చప్పట్లు కొట్టారు. తూము మూసే ఉంది. కాలువలో నీళ్ళు గట్టు ఒరుసుకుంటూ దిగువకు పోతున్నాయి. వంతు ఆ సాయంత్రంతో ఆఖరు.

సూరాయమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తెల్లవారుజాము నుంచి బోదెలో తుంగ చెక్కి దారి చేసుకుని, కాళ్ళకు బురదతో నీళ్ళ కోసం చూస్తూ ఉన్న మనిషి. చేతిలో పార అలాగే ఉంది. కమిషనర్ గారి ఎదురుగా నిలబడింది.

"మేమేం పాపం చేసేవండి బాబూ," అంది, "ఆణ్ణి క్షమించేసేరు?"

మైకు హోరులో కమిషనర్ గారికి వినపడలేదు. "ఏమంటోంది ఆ తల్లి?" అని నన్నడిగారు.

నేను ప్రభుత్వోద్యోగిని. నోరు దానంతటదే తిరిగింది. "కృతజ్ఞతలు చెబుతోందండి" అన్నాను.

ఆయన చెమ్మగిల్లిన కళ్ళతో ఆమెకు నమస్కారం పెట్టారు. ఫోటో తీశారు. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. తలెత్తేసరికి అబ్బులు నా వంక చూస్తున్నాడు. కోపంగా కాదు. చాలాకాలం కలిసి పనిచేసిన మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, మెడలో దండ తీసి ఆ కుర్చీకే వేశాడు.

"సార్," అన్నాడు కమిషనర్ గారితో, "నన్ను క్షమించొద్దండి."

"ఆఁ?"

"ఇంకెప్పుడూ క్షమించొద్దండి. మీకు పుణ్యముంటుంది."

తూమెక్కాడు. ఈసారి కనకారావు ఆగమని నిర్దేశించలేదు. కమిషనర్ గారు "ఎవరక్కడ? పట్టుకోండి! హ్యాండిలు లాక్కోండి!" అని అరిచారు. ఆయన మనుషులతో సహా మేమందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. హ్యాండిలు పనిముట్టు. నూతన నామధేయం పొందిన అధికారులం, దాన్ని ఎలా ముట్టుకుంటాం? ఆయన ఉత్తర్వును అంత భక్తితో పాటించడం మా సర్వీసులో అదే మొదలు. షట్టరు కీచుమంటూ లేచింది.

సూరాయమ్మ మా వైపు చూడనైనా చూడలేదు. నీళ్ళు బోదెలో పడగానే పార భుజాన వేసుకుని, వాటికంటే ముందు నడుచుకుంటూ శివారుకు వెళ్ళిపోయింది.